ఏప్రిల్‌లో బండి మీద మెరిసే డెలీషియస్ ఆపిల్: వయసెంత, ప్రాణమెంత

రెండు మూడేళ్లుగా శివరాత్రి, రంజాన్ నెల దాదాపు పక్కపక్కనే వస్తున్నాయి. ఉపవాసం ఉండేవాళ్లకూ, ఇఫ్తార్ పళ్లెం సర్దుకునేవాళ్లకూ ఒకేసారి పండ్లు కావాలి కాబట్టి ఫిబ్రవరి, మార్చి నెలల్లో మండిబజార్ నుంచి వరంగల్ చౌరస్తా దాకా బండ్ల మీద ఎర్రటి ఆపిల్ కుప్పలే కనిపిస్తాయి. సరిగ్గా అప్పుడే ఫోన్లలో ఆ వీడియో కూడా తిరుగుతుంది. ఒకాయన చాకుతో ఆపిల్ తొక్క గీకుతాడు, తెల్లటి పొడి రాలుతుంది, ఇది ఏడాది కిందటి పండు, మైనం పూసి అమ్ముతున్నారు, పిల్లలకు పెట్టకండి అంటాడు. చూసినవాళ్లకు ఒకటే టెన్షన్.

నాకు ఈ విషయం మీద పట్టు పెరగడానికి కారణం వీడియో కాదు, మా ఇల్లు. మా నాయనకు ఆపరేషన్ అయి ఇంటికొచ్చినప్పుడు చూడ్డానికి వచ్చిన చుట్టాలంతా తలా ఒక కిలో ఆపిల్ పట్టుకొచ్చారు. ఏడెనిమిది కిలోలు. నాలుగో రోజు కోస్తే సగం పండ్లు కరకరలాడుతున్నాయి, సగం పిండి పిండిగా ఉన్నాయి. రంగు ఒకటే, సైజు ఒకటే, మా ఇంట్లో ఉన్నది ఒకే టేబుల్ మీద. మరి తేడా ఎక్కడిది? మైనానికీ, పండు వయసుకూ, పిండి పిండిగా అవడానికీ ఒకదానితో ఒకటి సంబంధం ఉందని వీడియో చెబుతుంది. నిజానికి అవి మూడు వేర్వేరు సంగతులు. విడదీసి చూస్తే తప్ప ఏదీ అర్థం కాదు.

సిమ్లా, కాశ్మీర్, వాషింగ్టన్: మూడు ఊర్ల పేర్లు, ఒకే కుటుంబం

మన దగ్గర ఆపిల్‌ను ఊరి పేరుతో పిలుస్తారు. సిమ్లా ఆపిల్, కాశ్మీర్ ఆపిల్, వాషింగ్టన్ ఆపిల్. మా నాయనమ్మకైతే అన్నీ సేపుపండ్లే. ఇవి రకాల పేర్లు కావు, పండు వచ్చిన చోటు పేర్లు. పై భాగం వెడల్పుగా, కిందికి పోనుపోను సన్నబడి, అడుగున ఐదు బుడిపెలతో ముదురెరుపులో ఉండే పండు ఈ మూడు పేర్లలో ఏ పేరుతో అమ్ముడైనా చాలావరకు అది డెలీషియస్ కుటుంబమే. హిమాచల్‌లో దాని ప్రధాన రూపం రాయల్ డెలీషియస్, అమెరికాలో రెడ్ డెలీషియస్. గుండ్రంగా, చారలతో ఉండే గాలా, గులాబీ రంగులో గట్టిగా తియ్యగా ఉండే ఫుజీ, పుల్లటి ఆకుపచ్చ గ్రానీ స్మిత్ వేరే రకాలు. కాశ్మీర్‌కు సొంతమైన పాత రకం అంబ్రి, అది మన దాకా రావడం అరుదు. చలికాలంలో మన బజారులో ఆకుపచ్చగా నిగనిగలాడే ఆపిల్ బేర్ మాత్రం ఆపిలే కాదు, అది రేగుపండు. దాని నిల్వ లెక్క వేరు, ఇక్కడితో దాన్ని వదిలేద్దాం.

డెలీషియస్ కథ అమెరికాలో మొదలైంది. అయోవా రాష్ట్రంలో పెరూ అనే ఊరి దగ్గర జెస్సీ హయత్ అనే రైతు తోటలో 1870ల ప్రాంతంలో వరుసలో లేని మొక్క ఒకటి దానంతట అదే మొలిచింది. నరికినా మళ్లీ చిగురించిందని చెబుతారు. 1894లో స్టార్క్ అనే నర్సరీ ఆ చెట్టు హక్కులు కొని డెలీషియస్ అని పేరు పెట్టింది. 1904లో మన దేశానికి వచ్చి, స్వాతంత్ర్య పోరాటంలో జైలుకు కూడా వెళ్లిన శామ్యూల్ స్టోక్స్ (తర్వాత సత్యానంద్ అయ్యాడు) ఈ రకాన్ని సిమ్లా కొండల్లోని కోట్‌గఢ్‌లో నాటించాడు. హిమాచల్‌లో డెలీషియస్ తోటలకు మొదలు అదే.

కథలో మనకు పనికొచ్చే ముక్క ఇంకొకటి ఉంది. మొదటి డెలీషియస్ ఇంత ఎర్రగా ఉండేది కాదు, చారల పండు. ఎప్పుడైనా ఒక చెట్టు మీద ఒక కొమ్మకు మాత్రం మిగతావాటికన్నా ఎర్రటి కాయలు కాస్తే, రైతులు ఆ కొమ్మ తెచ్చి అంటు కట్టేవాళ్లు. అలా తరాల తరబడి ఎరుపు కోసమే ఏరుకుంటూ వచ్చారు. దాంతో ఈ రకంలో కాయ ఇంకా పూర్తిగా పక్వానికి రాకముందే ఒళ్లంతా ఎరుపెక్కుతుంది. ఎరుపును చూసి పండిందో లేదో, తాజాదో పాతదో చెప్పలేం. మా టేబుల్ మీద పండ్లన్నీ ఒకే రంగులో ఉండి లోపల వేరువేరుగా ఉండటానికి ఇది సగం కారణం. కొన్ని తోటల్లో రంగు ఇంకా త్వరగా రావాలని ఎథిఫాన్ కూడా కొడతారు. ఆ మందు రంగు తెస్తుంది, దాంతోపాటే పండు ముదరడాన్నీ తొందర చేస్తుంది కాబట్టి నిల్వ కాలం తగ్గిపోతుంది.

తెంపినా ఊపిరి ఆగదు

వరంగల్ ఎనుమాముల మార్కెట్ చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీలంటే మనకు మిర్చి బస్తాలే గుర్తొస్తాయి. ధర లేనప్పుడు రైతు మిర్చి పెట్టి, నెలల తర్వాత తీస్తాడు. అదే పద్ధతిలో ఆపిల్‌ను కూడా దాస్తారనుకుంటాం. కానీ మిర్చి ఎండబెట్టిన సరుకు, అందులో జీవక్రియ దాదాపు ఆగిపోయి ఉంటుంది. ఆపిల్ బతికున్న సరుకు. చెట్టు నుంచి తెంపాక కూడా అది ఆక్సిజన్ పీలుస్తుంది, కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది, తనలోని చక్కెరనూ పులుపునూ కరిగించుకుంటూ వేడి పుట్టిస్తుంది. తెంపిన ఆపిల్‌ను నూనె పోసిన దీపం అనుకోండి. చెట్టు మీద ఉన్నంతసేపు నూనె వచ్చి పడుతుంటుంది. తెంపాక ప్రమిదలో ఉన్నంతే. నిల్వ అంటే ఆ నూనెను పెంచడం కాదు, మంటను చిన్నది చేయడం.

ఇందులో ఇథిలీన్ పాత్ర పెద్దది. ఇది పండు తనంతట తాను తయారుచేసుకునే వాయువు, పండమని చెప్పే సంకేతం. మామిడి, అరటి, సీతాఫలం, ఆపిల్ అన్నీ ఇథిలీన్‌తో పండేవే. కాయ పక్వానికి రాగానే ఇథిలీన్ కొద్దిగా మొదలవుతుంది, ఆ కొద్ది ఇథిలీన్ ఇంకా ఎక్కువ ఇథిలీన్‌ను పుట్టిస్తుంది, ఊపిరి ఒక్కసారిగా పెరుగుతుంది. ఆ ఊపు మొదలయ్యాక వెనక్కి తిప్పడం ఉండదు. కాబట్టి నెలల తరబడి దాచాల్సిన కాయను ఆ ఊపుకు కాస్త ముందే తెంపాలి. మరీ ముందు తెంపితే రుచి రాదు, సైజు రాదు. ఆ సమయం పట్టుకోవడానికి కాయను అడ్డంగా కోసి అయోడిన్ ద్రావణం పూస్తారు. పిండి పదార్థం ఉన్న చోటల్లా ముదురు నీలం అవుతుంది, చక్కెరగా మారిన చోట తెల్లగానే ఉంటుంది. నీలం ఎంత మిగిలిందో చూసి, గట్టిదనం కొలిచి, ఈ లాట్ నిల్వకా, వెంటనే అమ్మకానికా అని తేలుస్తారు.

ఇక పిండి పిండిగా ఎందుకవుతుందంటే, ఆపిల్ కండలోని కణాలను పెక్టిన్ అనే జిగురు పట్టి ఉంచుతుంది. గోడకు ఇటుకల మధ్య సిమెంటు లాంటిది. జిగురు బలంగా ఉంటే మనం కొరికినప్పుడు కణాలే పగిలి రసం చిమ్ముతుంది, అదే కరకర. జిగురు కరిగిపోతే కొరికినప్పుడు కణాలు పగలవు, ఒకదాని నుంచి ఒకటి విడిపోతాయి, రసం లోపలే ఉండిపోతుంది, నాలుక మీద పొడిపిండి తగిలినట్టుంటుంది. నీళ్లు అంతే ఉన్నా పండు ఎండినట్టు అనిపించేది అందుకే. డెలీషియస్ ఈ విషయంలో బలహీనమైన రకం. ఫుజీ ఇంత త్వరగా లొంగదు.

ఒక్క వేడిరోజు ఎన్ని చల్లరోజులకు సమానం

పండు ఊపిరి వేగం ఉష్ణోగ్రతతోపాటు పెరుగుతుంది. శాస్త్రవేత్తలు వాడే మోటు లెక్క ఒకటుంది, ప్రతి 10 డిగ్రీల సెల్సియస్‌కు వేగం రెండు నుంచి మూడు రెట్లు అవుతుందని. తక్కువలో తక్కువ, రెండు రెట్లే అనుకుందాం. 0 డిగ్రీల దగ్గర వేగం 1 అయితే 10 దగ్గర 2, 20 దగ్గర 4, 30 దగ్గర 8, 40 దగ్గర 16. అంటే హన్మకొండ చౌరస్తాలో 30 డిగ్రీల్లో బండి మీద గడిపిన ఒక్కరోజు, కోల్డ్ స్టోరేజీలో ఎనిమిది రోజులతో సమానం. ఏప్రిల్ మధ్యాహ్నం 40 డిగ్రీల్లో అయితే పదహారు.

డెలీషియస్‌ను 0 డిగ్రీల దగ్గర పెడతారు, ఎందుకంటే దాని రసంలో చక్కెర ఉండటం వల్ల సున్నా దగ్గర గడ్డకట్టదు, ఇంకా ఒకటిన్నర రెండు డిగ్రీలు దిగితేనే గడ్డకడుతుంది. గాల్లో తేమ 90 నుంచి 95 శాతం ఉంచుతారు. ఆపిల్‌లో 85 శాతం దాకా నీళ్లే కాబట్టి పొడిగాలి తగిలితే తొక్క ముడతలు పడుతుంది. మామూలు గాలి ఉన్న ఇలాంటి కోల్డ్ స్టోరేజీలో డెలీషియస్ బాగుండేది మూడు నెలల చుట్టూ. సెప్టెంబరులో తెంపిన కాయ ఈ పద్ధతిలో సంక్రాంతి దాకా నెగ్గుకొస్తుంది, శివరాత్రికి కష్టం, ఏప్రిల్‌కు కుదరదు. మరి ఏప్రిల్‌లో కరకరలాడే పండు ఎలా వస్తోంది?

గాలినే మార్చేసే గది

దీపం మీద గిన్నె బోర్లిస్తే మంట తగ్గుతుంది, పూర్తిగా మూసేస్తే ఆరిపోతుంది. ఆరిపోకుండా, పెరగకుండా, మినుకుమినుకుమంటూ ఉండేంత గాలి మాత్రమే ఇవ్వడమే కంట్రోల్డ్ అట్మాస్ఫియర్ స్టోరేజీ, వ్యాపారంలో సీఏ స్టోర్ అంటారు. మనం పీల్చే గాలిలో ఆక్సిజన్ 21 శాతం. సీఏ గదిని గాలి చొరబడకుండా మూసి, నైట్రోజన్ నింపి, ఆక్సిజన్‌ను 1 నుంచి 3 శాతానికి దించుతారు. కార్బన్ డయాక్సైడ్‌ను కూడా కొద్ది శాతం దగ్గర కట్టడి చేస్తారు. ఆక్సిజన్ మరీ తగ్గితే పండు లోపల పులియడం మొదలై సారా వాసన వస్తుంది, కాబట్టి మీటర్లు రాత్రింబగళ్లు చూస్తూనే ఉండాలి. ఆ గదిలోకి మనిషి మామూలుగా అడుగుపెడితే ప్రాణాలు పోతాయి. 1920ల్లో కేంబ్రిడ్జ్‌లో ఫ్రాంక్లిన్ కిడ్, సిరిల్ వెస్ట్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఈ పద్ధతికి గట్టి పునాది వేశారు. ఇందులో ఏ రసాయనమూ కలవదు, ఉన్న గాలి పాళ్లు మారతాయి, అంతే. డెలీషియస్ ఇలా పది పన్నెండు నెలల దాకా నిలుస్తుంది.

దీనికి తోడు 1-ఎంసీపీ అనే వాయువు కూడా వాడతారు. అమెరికాలోని నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీలో కనిపెట్టిన ఈ వాయువు పనిచేసే తీరు తేలికగానే అర్థమవుతుంది. పండు కణాల్లో ఇథిలీన్ వచ్చి అంటుకునే చోట్లుంటాయి, తాళంలో చెవి దూరే రంధ్రంలా. 1-ఎంసీపీ ముందే వెళ్లి ఆ రంధ్రంలో పుల్లలా ఇరుక్కుంటుంది. ఇథిలీన్ ఉన్నా తాళం తెరుచుకోదు. వాడే మోతాదు చాలా చిన్నది, మూసిన గదిలో కొన్ని గంటలు ఉంచి తర్వాత గాలి వదిలేస్తారు.

మన దేశంలో కాశ్మీర్‌లోని పుల్వామా జిల్లా లస్సీపొరాలో ఇలాంటి స్టోర్లు గుంపుగా ఉన్నాయి, హిమాచల్‌లోనూ ఉన్నాయి. ఫిబ్రవరి నుంచి మే దాకా మనం తినే దేశీ డెలీషియస్ చాలామట్టుకు వీటి నుంచి వచ్చిందే. ఏప్రిల్, మే నెలల్లో వచ్చే న్యూజిలాండ్ పండు మాత్రం నిజంగానే కొత్త కోత కావచ్చు, ఎందుకంటే భూమికి అటువైపు కోతలు మన ఎండాకాలం మొదట్లోనే.

రెండు ఆపిల్స్, రెండు ప్రయాణాలు: ఒక లెక్క

ఇక్కడ కాగితం, పెన్ను తీస్తే విషయం తేటపడుతుంది. మామూలు కోల్డ్ స్టోరేజీలో మూడు నెలలు అన్నాం కాబట్టి ఒక డెలీషియస్ దగ్గర 90 చల్లరోజుల నూనె ఉందనుకుందాం. ఇది అంచనా లెక్కే, ఏ పండూ క్యాలెండర్ చూసుకుని పాడవదు, కానీ పోల్చడానికి సరిపోతుంది.

మొదటి పండును సెప్టెంబరులో కాశ్మీర్‌లోని షోపియాన్‌లో తెంపారు. తోటలో, పెట్టెలు కట్టే చోట మూడు రోజులు 20 డిగ్రీల్లో ఉంది, 12 రోజుల నూనె ఖర్చు. తర్వాత ఏసీ లేని లారీలో జమ్మూ, ఢిల్లీ, నాగ్‌పూర్ మీదుగా రెండు వేల కిలోమీటర్లకు పైగా ప్రయాణం. ఆరు రోజులు, సగటున 25 డిగ్రీలు అనుకుంటే రోజుకు 5.7 చొప్పున 34 రోజులు పోయాయి. వరంగల్‌లో దిగేసరికి 46 ఖర్చు, మిగిలింది 44. బండి మీద 30 డిగ్రీల్లో అది ఐదున్నర రోజులు. వెంటనే కొని 5 డిగ్రీల ఫ్రిజ్‌లో పెడితే, అక్కడ వేగం 1.4 కాబట్టి, దాదాపు నెల.

రెండో పండును కూడా సెప్టెంబరులోనే తెంపారు, కానీ ఒకట్రెండు రోజుల్లో సీఏ గదిలోకి పోయింది. మామూలు చలిలో మూడు నెలలు, సీఏలో పన్నెండు నెలలు అంటే సీఏలో నూనె నాలుగో వంతు వేగంతో ఖర్చవుతుందన్నమాట. ఏడు నెలలు, 210 రోజులు ఉంటే ఖర్చు 52. ముందు, వెనుక జాగ్రత్తగా చల్లటి లారీలో వస్తే ఇంకో ఏడెనిమిది. మిగిలింది 30. మొదటి పండుకు 44, దీనికి 30. క్యాలెండర్ ప్రకారం ఒకటి పది రోజులది, ఇంకొకటి ఏడు నెలలది, అయినా ప్రాణంలో తేడా అంతే. కానీ ఈ రెండో పండు ఏప్రిల్‌లో బండెక్కింది. 40 డిగ్రీలు. 30ని 16తో భాగిస్తే రెండు రోజులు కూడా రాదు.

ఏడు నెలలు చెక్కుచెదరని పండు వరంగల్ ఎండలో రెండు రోజుల్లో పిండవుతుంది. మనం మాత్రం తప్పు ఆ ఏడు నెలలదే అనుకుంటాం. మా టేబుల్ మీద జరిగిందీ ఇదేనని నా నమ్మకం. ఒక చుట్టం ఆ పొద్దున విప్పిన పెట్టెలోంచి తెచ్చి ఉంటాడు, ఇంకొకరు మూడు రోజులుగా ఎండ తగిలిన కుప్పలోంచి.

దారిలో ఆలస్యమైతే ఏమవుతుందో 2025లో దేశమంతా చూసింది. ఆగస్టు, సెప్టెంబరు వానలకు కొండచరియలు విరిగిపడి శ్రీనగర్–జమ్మూ రహదారి దెబ్బతింటే ఆపిల్ లారీలు రోజుల తరబడి రోడ్డు మీదే ఆగిపోయాయి. పై లెక్కలో 44 మిగిలిన పండుకు అదే వేడిలో ఇంకో ఎనిమిది రోజులు కలిపితే మిగిలేది సున్నా. ఆ సెప్టెంబరులోనే రైల్వే కాశ్మీర్‌లోని బడ్గాం నుంచి ఢిల్లీకి ఆపిల్ పార్సిల్ రైలు మొదలుపెట్టింది. కాశ్మీర్ రైతు కష్టపడి పండించిన పంట తెంపిన తర్వాత రోడ్డు మీద కుళ్లడం అనేది నాకు ఇప్పటికీ మనసును పిండే విషయం.

మైనం ఎందుకు, ఏ మైనం

ఆపిల్ తన ఒంటి మీద తానే మైనం పూసుకుంటుంది. చెట్టు మీది కాయను గుడ్డతో తుడిస్తే మెరిసేది దానివల్లే. పని లోపలి నీళ్లను కాపాడటం. ప్యాకింగ్ చేసేచోట దుమ్ము, మందులు పోవడానికి కడిగినప్పుడు ఆ సహజ మైనం కొంత పోతుంది, దాని బదులు పైపూత వేస్తారు. ఒక పండుకు ఒకటి రెండు చుక్కలకు మించదు. మన దేశంలో ఆహార భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ నిబంధనల ప్రకారం అనుమతి ఉన్నవి తేనెమైనం, బ్రెజిల్ తాటిజాతి చెట్టు ఆకుల నుంచి తీసే కార్నౌబా మైనం, షెల్లాక్. షెల్లాక్ మనకు కొత్తదేం కాదు, లాడ్‌బజార్ గాజులు చేసే లక్కను శుద్ధి చేస్తే వచ్చేదే. ఇవి మన కడుపులో అరగవు, అలాగే బయటికి పోతాయి. చల్లటి గది నుంచి వచ్చిన పండుకు చెమ్మ పట్టి ఆరితే ఈ పూత తెల్లబడుతుంది, చాకుతో గీకితే పొడిలా రాలుతుంది. వీడియోలో చూపించేది చాలాసార్లు ఇదే. ఆ పొడిని చూసి పండు వయసు చెప్పలేం, పూత ఏ మైనమో కూడా చెప్పలేం.

అలాగని భయపడేవాళ్లది ఉత్త భ్రమ అని కొట్టిపారేయడం నాకు ఇష్టం లేదు. వాళ్ల వాదనలో బలమైన ముక్క ఉంది. పూత వేస్తే ఏ మైనమో లేబుల్ మీద రాయాలని అదే నిబంధన చెబుతుంది. కార్టన్ పెట్టె మీద రాసి ఉండొచ్చు, కానీ బండి మీద విడిగా అమ్మే పండుకు ఆ రాత కొనేవాడి కంట పడదు. పెట్రోలియం మైనం లాంటిది ఎవరైనా వాడితే చూపుతో పట్టుకునే దారి లేదు. దుమ్ముతో, మందు అవశేషాలతో సహా పూత వేశారేమోనన్న అనుమానం కూడా న్యాయమైనదే. ఇక గోరువెచ్చటి నీళ్లలో కడిగితే మైనం పోతుందన్న మాట నిలబడదు, కార్నౌబా కరగడానికి 80 డిగ్రీలు దాటాలి. కడిగితే పోయేది పైనున్న దుమ్ము. తొక్క తీసేస్తే మైనం పూర్తిగా పోతుంది, కానీ పీచులో మంచి భాగం ఉండేది ఆ తొక్కలోనే, పాలీఫినాల్స్ అనే మొక్కల పదార్థాలు కండలో కన్నా ఎక్కువ గాఢంగా ఉండేదీ అక్కడే.

కార్బైడ్ భయం కూడా ఆపిల్ మీదికి పాకింది. కార్బైడ్‌తో మాగబెట్టడం నిషేధం, మామిడి సీజన్‌లో మనం చూసే గొడవ అదే. ఆపిల్ వ్యాపారంలో సమస్య తలకిందులుగా ఉంటుంది. పండును పండించడం కష్టం కాదు, పండకుండా ఆపడం కష్టం.

నిల్వ పండులో ఏం పోతుంది

పాత ఆపిల్‌లో సత్తువ ఉండదని ఒక వాదన. చక్కెర, పీచు, పొటాషియం నిల్వలో పెద్దగా మారవు. పాలీఫినాల్స్ కూడా చాలావరకు నిలుస్తాయి. విటమిన్ సి తగ్గుతుంది, అది నిజం. కానీ ఆపిల్‌లో అది మొదటి నుంచీ తక్కువే, 100 గ్రాములకు ఐదు మిల్లీగ్రాముల చుట్టూ. జామలో 200 దాటుతుంది. విటమిన్ సి కోసమే అయితే తాజా ఆపిల్ కన్నా మన జామే ఎన్నో రెట్లు నయం.

రుచి ఉండదనేవాళ్ల మాట మాత్రం గట్టిది. ఆపిల్ సువాసన ఇథిలీన్ సంకేతంతోనే తయారవుతుంది. ఇథిలీన్‌ను నెలల తరబడి అణిచిపెడితే కరకర మిగులుతుంది, వాసన మిగలదు. సెప్టెంబరులో పెట్టె విప్పగానే గదంతా నిండే ఆ వాసన ఏప్రిల్ పండులో రాకపోవడానికి కారణం ఇదే. పులుపు కూడా నిల్వలో తగ్గుతుంది కాబట్టి తీపి ఒక్కటే చప్పగా నిలుస్తుంది.

తోటల్లో ఇంకో వాదన నడుస్తోంది. సీఏ వల్ల కోత కాలంలో అంతా ఒకేసారి అమ్ముకోవాల్సిన ఒత్తిడి తగ్గి ధర పడిపోకుండా ఉంటుందని కొందరంటారు. గది ఎవరి చేతిలో ఉంటే లాభం వాళ్లదే, చిన్న రైతు ఆగస్టులో కంపెనీ చెప్పిన ధరకే అమ్ముకోవాలి, ఏప్రిల్ ధర అతనికి దక్కదని ఇంకొందరంటారు. మన మిర్చి రైతుకు ఈ గొడవ విడమరిచి చెప్పక్కర్లేదు. నాకు రెండో మాటే నిజానికి ఎక్కువ దగ్గరగా అనిపిస్తుంది, ఎందుకంటే మిర్చికి కనీసం బస్తాకింత అని కిరాయి కట్టి పెట్టుకునే దారుంది. ఆపిల్‌కు కోల్డ్ స్టోరేజీ కిరాయి ఒక్కటే సరిపోదు, లాట్ మొత్తం ఒకే పక్వంలో ఉండాలి, గది ఒకసారి మూస్తే మధ్యలో తెరవకూడదు. రెండు ఎకరాల రైతుకు అది అందని పని.

ఇంట్లో, అరటిగెల పక్కన

ఇంటి ఫ్రిజ్ సీఏ గది కాదు, కానీ 30 నుంచి 5కు దిగితే నూనె ఖర్చు ఐదారు వంతుల్లో ఒక వంతుకు పడిపోతుంది. ఫ్రిజ్ గాలి పొడిగా ఉంటుంది కాబట్టి కింది కూరగాయల డబ్బాలో, చిల్లులున్న కవర్లో ఉన్న పండు పై అరలో విడిగా ఉన్నదానికన్నా ముడతలు పడకుండా ఎక్కువ రోజులుంటుంది. ఆపిల్ వదిలే ఇథిలీన్ పక్కనున్న కొత్తిమీర, పాలకూరను పసుపుపచ్చ చేస్తుంది, క్యారెట్‌కు చేదు తెస్తుంది. పండ్ల బుట్టలో మాగిన అరటిపండ్లు, ఆపిల్ కలిసి ఉంటే ఒకదాని గాలి ఇంకొకదాన్ని తరుముతుంది. ఇదే గుణం ఒక్కోసారి లాభం కూడా. సీతాఫలాలు బియ్యంలో పెట్టి మాగేసే ఇళ్లలో, ఆ బియ్యం డబ్బాలో ఒక ఆపిల్ పడితే కన్నులు విప్పిన కాయలు ఇంకా ముందే మెత్తబడతాయి. ఒక్క పండు కుళ్లితే బుట్టంతా పోతుందనే మాట కూడా అబద్ధం కాదు, గాయమైన పండు ఇథిలీన్ ఎక్కువ వదులుతుంది, దానికి బూజు తోడవుతుంది.

ధనోరాలో కాసిన ఆపిల్

ఇంత దూరం నుంచి తేవడం, ఇన్ని నెలలు దాచడం ఎందుకు, మన దగ్గరే పండిస్తే పోదా అనే ప్రశ్నకు ఉత్తర తెలంగాణలో ఒక జవాబు మొలకెత్తింది. కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా కెరమెరి మండలం ధనోరాలో ఒక రైతు, హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తల సాయంతో ఆపిల్ తోట పెంచి, 2020 జూన్‌లో మొదటి పండ్లను అప్పటి ముఖ్యమంత్రికి అందించాడు.

మామూలు డెలీషియస్ చెట్టు ఇక్కడ ఎందుకు కాయదంటే, చలికాలంలో 7 డిగ్రీల లోపు దానికి వెయ్యి గంటల చుట్టూ కావాలి. అంటే రాత్రీపగలూ కలిపి 40 రోజులకు పైగా. మన ఏజెన్సీలో చలి గట్టిగా పడ్డ ఏడాది, 7 లోపుకు దిగే రాత్రులు పదిహేను, ఒక్కో రాత్రి ఆరు గంటలు అనుకున్నా 90 గంటలే. తక్కువ చలితో సర్దుకునే రకాలు వేరే ఉన్నాయి. ఇజ్రాయెల్‌లో పుట్టిన అన్నా, బహామాస్‌లో పుట్టిన డోర్సెట్ గోల్డెన్, హిమాచల్ బిలాస్‌పూర్ జిల్లా రైతు హరిమన్ శర్మ తయారుచేసిన హెచ్ఆర్ఎంఎన్-99. చివరిదానికి గాను ఆయనకు 2025లో పద్మశ్రీ కూడా ఇచ్చారు.

ఈ రకాలను మెచ్చుకునేవాళ్లూ, సందేహించేవాళ్లూ ఇద్దరూ సరైన మాటలే చెబుతున్నారు. సందేహం ఏమిటంటే, త్వరగా కాపుకొచ్చే ఆపిల్ రకాలు ఎక్కువ కాలం నిల్వ ఉండవు, డెలీషియస్‌లా ఏడు నెలలు దాచడం వీటితో కాదు. ఎరుపు రావడానికి చల్లటి రాత్రులు కావాలి, మే నెల ఆసిఫాబాద్‌లో అవి దొరకవు, కాయ పసుపు మీద ఎరుపు చారలతో సగం రంగులో ఆగిపోతుంది. ఎరుపునే కొనడానికి అలవాటు పడ్డ బజారులో అది పచ్చికాయలా కనిపిస్తుంది. వడగండ్లు, పిట్టలు, ఎండకు తొక్క మాడటం సరేసరి.

మెచ్చుకునేవాళ్ల లెక్క వేరు. ఈ పండు దగ్గర 90 బదులు 40 చల్లరోజుల నూనే ఉందనుకుందాం. కెరమెరి నుంచి వరంగల్‌కు సగం రోజు ప్రయాణం. తెల్లవారుజామున తెంపి, 30 డిగ్రీల్లో ఆ సగం రోజు గడిపితే పోయేది 4. మిగిలింది 36, పై లెక్కలో ఏప్రిల్‌లో దిగిన సీఏ పండుకన్నా ఎక్కువ. పైగా ఇథిలీన్‌ను ఎవరూ అణచలేదు కాబట్టి వాసన దానితోనే ఉంటుంది. కాపు జూన్‌లో, మిరుగు వచ్చే రోజుల్లో. ఆ సమయానికి సీఏ గదులు దాదాపు ఖాళీ అవుతుంటాయి, కాశ్మీర్ చెట్ల మీద కొత్త కాయ ఇంకా ఉసిరికాయంతే ఉంటుంది.